గామా కిరణ విస్ఫోటాలు: వాటి దిక్కు, దూరం తెలిసిన వృత్తాంతం

1963 ఆగస్టు 5వ తేదీన మాస్కో నగరంలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ దేశాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేసినవి. గాలిలోగాని, నీటి అడుగునగాని, అంతరిక్షంలోగాని అణ్వస్త్ర పరీక్షలు జరుపరాదని దాని సారాంశం. ఒడంబడిక చేసికొనుట ఒక ఎత్తు. ఎదుటివారు దానిని పాటిస్తున్నారో లేదో తెలిసికొనుట మరియొక ఎత్తు. భూమిమీద జరిగే ప్రేలుడును ఏదో విధంగా పసికట్టవచ్చును. చంద్రుని చాటున ఎవరైనా బాంబు ప్రేల్చితే తెలిసేదెట్లు?

ఈ అనుమానం తీర్చుకొనుటకు అమెరికా కొన్ని కాపలా ఉపగ్రహాలను ఆకాశంలోకి పంపినది. అణుబాంబులతో ఏ సంబంధమూ లేని ఒక ప్రకృతి వింతను మానవునికి మొట్టమొదట చూపినవి ఈ ఉపగ్రహాలే. దానికే గామా కిరణ విస్ఫోటమని పేరు. విస్ఫోటం కనబడినది గాని, అది ఎంత దూరంలో జరుగుతున్నదో తెలియుటకు ముప్పది సంవత్సరాలు పట్టినది. ఇంతకాలం ఏల పట్టినదని విచారిస్తే కారణం ఒక్కటే: గామా కిరణం వచ్చిన దిక్కును సరిగా కొలుచుట మిక్కిలి కష్టం.

కిరణాన్ని పట్టుటలోని చిక్కు

కంటికి కనబడే కాంతి, ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు అన్నీ ఒకే జాతికి చెందిన విద్యుదయస్కాంత తరంగాలు. భేదమల్లా శక్తిలో ఉన్నది. కంటికి కనబడే కాంతి కణం ఒక్కొక్కదాని శక్తి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. గామా కిరణ కణానిది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. అంత శక్తిగల కిరణాలు ఆకాశం నుండి వచ్చినపుడు మన వాతావరణం వాటిని పైననే అడ్డగిస్తుంది. ఇది ప్రాణికోటికి మేలు, ఖగోళ శాస్త్రజ్ఞునికి ఆటంకం. అందుచేత వాటిని చూడవలెనంటే పరికరాన్ని వాతావరణానికి పైకి తీసికొనిపోక తప్పదు.

పైకి పోయినంతమాత్రాన చిక్కు తీరలేదు. మామూలు దూరదర్శినిలో అద్దం కాంతిని ఒకచోటికి చేర్చి బొమ్మ కట్టిస్తుంది. గామా కిరణం అట్లు అద్దంమీద పడి మరలిపోదు. అద్దంలో ఇంకిపోతుంది, లేదా దానిని చీల్చుకొని పోతుంది. కనుక శాస్త్రజ్ఞులు వేరొక ఉపాయం పన్నినారు. సీసియం అయొడైడు, సోడియం అయొడైడు వంటి లవణాల స్ఫటికంమీద గామా కిరణం పడినపుడు ఆ స్ఫటికం ఒక్కసారి మిణుకుమంటుంది. ఆ మిణుకును విద్యుత్ స్పందనంగా మార్చి లెక్కించవచ్చును. మిణుకు ఎంత కాంతివంతంగా ఉంటే కిరణం అంత శక్తిగలదన్నమాట. ఈ విధంగా కిరణం ఎప్పుడు వచ్చినదీ, ఎంత శక్తితో వచ్చినదీ తెలుస్తుంది. ఏ వైపునుండి వచ్చినదో మాత్రం స్ఫటికం చెప్పదు.

కాపలా ఉపగ్రహాలు

ఒడంబడిక అమలులోకి వచ్చిన వారం రోజులకే, 1963 అక్టోబరులో, మొదటి జంట ఉపగ్రహాలు పైకి వెళ్ళినవి. వాటికి వేలా అని పేరు. స్పానిష్ భాషలో కాపలా కాయుట అని అర్థమిచ్చే మాట నుండి ఈ పేరు పుట్టినది. ఒక్కొక్క జంటలోని రెండు ఉపగ్రహాలూ భూమికి చెరియొక ప్రక్కన ఉండి, భూకేంద్రం నుండి సుమారు 1,20,000 కి.మీ. దూరంలో తిరుగుతూ ఉండేవి. ఇది చంద్రుని దూరంలో మూడవ వంతు. ఎక్స్-కిరణాలను, గామా కిరణాలను, న్యూట్రాన్లను పట్టే పరికరాలు వాటిలో ఉన్నవి.

అవి పంపిన లెక్కలను న్యూ మెక్సికో రాష్ట్రంలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవారు పరిశీలించేవారు. 1969లో రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ అను శాస్త్రజ్ఞులు పాత లెక్కలు చూస్తుండగా ఒక విచిత్రం కనబడినది. 1967 జూలై 2వ తేదీన ఉపగ్రహాల గామా కిరణ పరికరాలు ఒకే సమయంలో పెద్ద స్పందన చూపినవి. అది పెరిగి, తగ్గి, తిరిగి పెరిగినది. అణుబాంబు గామా కిరణాలు ఇట్లు రావు. వాటి మొదటి మెరుపు సెకనులో పదిలక్షవ వంతుకంటె తక్కువ కాలంలో ముగుస్తుంది. ఆనాడు సూర్యునిపై చెప్పుకోదగిన జ్వాలలేవీ లేవు. చెంతలో నక్షత్రమేదీ ప్రేలలేదు. మరి ఆ కిరణాలు ఎక్కడివి?

గడియారంతో దిక్కును కొలుచుట

స్ఫటికం దిక్కు చెప్పకపోయినా గడియారం చెప్పగలదు. ఒక పిడుగు పడినదనుకొందాము. తూర్పున ఒక ఊరు, పడమర ఒక ఊరు ఉన్నవి. రెండు ఊళ్ళలోనూ శబ్దం ఒకే క్షణాన వినబడితే పిడుగు రెండింటికీ సమదూరంలో పడినదని గ్రహించవచ్చును. తూర్పు ఊరిలో ముందుగా వినబడితే పిడుగు ఆ వైపున పడినది. ముందు వెనుకల అంతరం ఎంతో తెలిస్తే దిక్కును ఇంకా సరిగా చెప్పవచ్చును.

వేలా జంటలోని రెండు ఉపగ్రహాల నడుమ దూరం దాదాపు 2,40,000 కి.మీ. దీనిని దాటుటకు కాంతికి 0.8 సెకను పడుతుంది. 1967 నాటి ఉపగ్రహాల గడియారాలకు ఇంత స్వల్పకాలాన్ని చక్కగా విభజించే సూక్ష్మత లేదు. 1969, 1970 సంవత్సరాలలో పంపిన వేలా 5, వేలా 6 జంటలకు ఆ సూక్ష్మత వచ్చినది. అవి సెకనులో 64వ వంతును గుర్తించగలవు. అంత సమయంలో కాంతి సుమారు 4,700 కి.మీ. మాత్రమే ప్రయాణం చేస్తుంది.

1969 జూలై మొదలు 1972 జూలై వరకు ఇట్టి విస్ఫోటాలు పదహారు దొరికినవి. కొన్ని సెకనులో పదవ వంతు కూడా నిలువలేదు. కొన్ని ముప్పది సెకన్లవరకు సాగినవి. ఉపగ్రహాల కాలభేదాలను బట్టి లెక్కించగా, కిరణాలు వచ్చిన దిక్కున భూమిగాని సూర్యుడుగాని లేడని తేలినది. క్లెబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, ఓల్సన్ గారలు ఈ సంగతిని 1973 జూన్‌లో ప్రకటించారు. అణుబాంబులను వెదకుటకు వెళ్ళిన పరికరాలు సౌరకుటుంబానికి అవతలి సందేశాన్ని తెచ్చినవి.

ఈ వార్త వెలువడగానే సిద్ధాంతాలు వర్షంవలె కురిసినవి. న్యూట్రాన్ నక్షత్రంపై తోకచుక్క కూలుటవలన ఇవి పుడుతున్నవని కొందరు, నక్షత్రాల ఉపరితలం కంపించుటవలన అని కొందరు ఊహించారు. 1990 దశకం వచ్చేసరికి ఇట్టి సిద్ధాంతాల సంఖ్య నూరు దాటినది. దూరం తెలియనంతవరకు వీటిలో దేనినీ త్రోసిపుచ్చుటకు వీలులేదు. దూరాన్నిబట్టి శక్తి మారుతుంది. పదిరెట్లు దూరాన ఉన్న దీపం ఇక్కడికి అంతే వెలుగు ఇవ్వవలెనంటే నూరురెట్లు కాంతితో మండవలెను. మన పొరుగున జరిగే విస్ఫోటానికీ, విశ్వపుటంచున జరిగే విస్ఫోటానికీ శక్తిలో భేదం కోట్లాను కోట్ల రెట్లు.

1979 మార్చి 5న ఒక గొప్ప విస్ఫోటం వచ్చినది. శుక్రగ్రహం వైపు వెళ్ళిన సోవియట్ నౌకలు వెనెరా 11, వెనెరా 12తో పాటు, సౌరకుటుంబంలో దూరదూరాన ఉన్న పలు నౌకలు దానిని గుర్తించినవి. ఉపగ్రహాల నడుమ దూరం ఎంత హెచ్చైతే కాలభేదం అంత పెద్దదై, దిక్కు అంత సరిగా దొరుకుతుంది. ఆ దిక్కున పెద్ద మెజిల్లాన్ మేఘంలో ఏనాడో ప్రేలిపోయిన నక్షత్రపు శిథిలం ఉన్నది. ఇది ఒక న్యూట్రాన్ నక్షత్రపు పని అని ఊహించుటకు బలమైన ఆధారం దొరికినది. ఆ ఊహ నిజమే. కాని అది వేరు జాతి విస్ఫోటమని, తక్కినవాటికి అది వర్తించదని తరువాతగాని స్పష్టం కాలేదు. ఒక్కదానిని చూచి అన్నింటికీ అదే కారణమనుకొనుటవలన, ఇవన్నీ మన పాలపుంతలోని న్యూట్రాన్ నక్షత్రాలనుండియే వస్తున్నవను అభిప్రాయం మరికొంత బలపడినది.

ఆకాశమంతటా సమంగా

దీనిని తేల్చుటకు 1991 ఏప్రిల్ 5న కాంప్టన్ గామా కిరణ వేధశాలను అంతరిక్షంలోకి పంపారు. పెట్టె ఎనిమిది మూలలకు ఎనిమిది బొమ్మలు పెట్టినట్లు, ఆ ఉపగ్రహం ఎనిమిది మూలలందూ బాట్సీ అను పరికరపు శోధకాలు ఉన్నవి. ఒక్కొక్కటి సోడియం అయొడైడు స్ఫటికంతో చేసిన వెడల్పాటి పలక. వైశాల్యం సుమారు 2,000 చదరపు సెం.మీ. కిరణాలకు ఎదురుగా ఉన్న పలక హెచ్చుగా లెక్కిస్తుంది; ఏటవాలుగా ఉన్నది తక్కువగా లెక్కిస్తుంది. ఎనిమిది లెక్కలను పోల్చితే దిక్కు కొన్ని డిగ్రీల తేడాతో తెలుస్తుంది. ఈ పరిశోధనకు జెరాల్డ్ ఫిష్‌మన్ నాయకత్వం వహించారు.

విస్ఫోటాలు పాలపుంతలో పుడుతున్నట్లయితే ఏమి కనబడవలెను? మామిడితోట అంచున నిలుచున్నవానికి ఒక ప్రక్క చెట్లు దట్టంగా, మరియొక ప్రక్క పలుచగా కనబడతవి. మన సూర్యుడు పాలపుంత కేంద్రానికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక ప్రక్కగా ఉన్నాడు. కనుక విస్ఫోటాలు పాలపుంత పట్టీవెంబడి, ముఖ్యంగా కేంద్రం వైపున, గుమిగూడి కనబడవలెను. చాలామంది ఇదే ఎదురు చూచినారు.

1992లో ప్రకటించిన మొదటి పటంలో 153 విస్ఫోటాలు ఉన్నవి. అవి ఆకాశంలో అన్ని దిక్కులకూ సమంగా చెదరియున్నవి! అంతేకాదు, మసకగా కనబడే విస్ఫోటాల సంఖ్య లెక్కప్రకారం ఉండవలసినంత లేదు. తోటకు ఎక్కడో కంచె ఉన్నది, మనము సరిగా దాని నడుమ నిలుచున్నాము అన్నట్లు కనబడినది. విశ్వమంతటా ఇవి జరుగుతున్నవనుకొంటే ఈ రెండు సంగతులకూ సమాధానం దొరుకుతుంది. కాని పాలపుంతను చాలా పెద్దదైన ఒక గోళంవలె చుట్టుకొని న్యూట్రాన్ నక్షత్రాలు ఉన్నవనుకొన్నా దొరుకుతుంది. 1995 ఏప్రిల్ 22న వాషింగ్టన్‌లో ఈ విషయంపై బహిరంగ చర్చ జరిగినది. ఇవి విశ్వపు దూరాలకు చెందినవని బోహ్‌డాన్ పచిన్‌స్కీ, పాలపుంత పరిసరాలకు చెందినవని డొనాల్డ్ లాంబ్ వాదించారు. మార్టిన్ రీస్ అధ్యక్షుడు. చర్చ ముగిసినది గాని విషయం తేలలేదు.

బాట్సీ తొమ్మిది సంవత్సరాలలో 2,704 విస్ఫోటాలను పట్టినది. కొన్ని డిగ్రీల తేడా అంటే ఆకాశంలో పూర్ణచంద్రుని బింబాలు ఎన్నో పట్టునంత చోటు. అందులో వేలకొలది నక్షత్రాలు, గెలాక్సీలు ఉంటవి. వాటిలో దేనిని వేలుపెట్టి చూపుట?

తడిక నీడ

ఈ చిక్కును విప్పినది ఇటలీ, నెదర్లాండ్స్ దేశాలవారు 1996 ఏప్రిల్ 30న ప్రయోగించిన బెప్పోసాక్స్ ఉపగ్రహం. దానిలోని ఒక పరికరం గామా విస్ఫోటాన్ని గుర్తిస్తుంది. మరియొకటి అదే విస్ఫోటపు ఎక్స్-కిరణాలను చూచి దిక్కును కొలుస్తుంది. ఈ రెండవ పరికరంలోని ఉపాయం సులభమైనది. తడిక సందులనుండి పడిన ఎండ నేలమీద ఒక నమూనాను గీస్తుంది. సూర్యుడు జరిగినకొలదీ ఆ నమూనా కూడా జరుగుతుంది. కనుక నీడ ఎక్కడ పడినదో చూచి సూర్యుడు ఎక్కడ ఉన్నాడో చెప్పవచ్చును. కావలెనని క్రమరహితంగా కంతలు చేసిన లోహపు పలకను శోధకానికి ముందు నిలిపి, దాని నీడనుబట్టి కిరణం వచ్చిన చోటును కనుగొంటారు. అద్దాలు చేయలేని పనిని ఈ నీడ చేస్తుంది.

1997 ఫిబ్రవరి 28న ఒక విస్ఫోటం వచ్చినది. నీడనుబట్టి దిక్కు తెలియగానే ఉపగ్రహాన్ని ఆ వైపునకు త్రిప్పారు. విస్ఫోటం జరిగిన ఎనిమిది గంటలకు అక్కడ క్రొత్త ఎక్స్-కిరణ వస్తువు ఒకటి కనబడినది. మార్చి 3న తిరిగి చూడగా అది బాగా మసకబారినది. పొయ్యిలో మంట ఆరిన తరువాత కూడా నిప్పు కొంతసేపు ఎర్రగా ఉన్నట్లే, గామా మెరుపు పోయిన తరువాత శేషకాంతి మిగులుతున్నదని దీనివలన తెలిసినది. కెనేరీ దీవులలోని లా పాల్మా వేధశాలలో యాన్ వాన్ పారడైస్ బృందం తీయించిన ఫోటోలలో మామూలు కాంతిలో కూడా ఆ శేషకాంతి దొరికినది.

ఆ ఏటనే మే 8న మరియొక విస్ఫోటం వచ్చినది. మూడు రోజులలోనే మార్క్ మెట్జ్‌గర్ బృందం హవాయి దీవిలోని కెక్ దూరదర్శినితో దాని శేషకాంతిని వర్ణపటంగా విడదీసి చూచినది. దారిలో ఇనుము, మెగ్నీషియం మూలకాలు పీల్చిన రేఖలు అందులో ఉన్నవి. విశ్వం వ్యాకోచిస్తున్నందున దూరం నుండి వచ్చే కాంతి ఎరుపువైపు జరుగుతుంది. ఈ జరుగుటకు అరుణ విస్థాపనమని పేరు. ఆ రేఖల విస్థాపనం 0.835. అనగా ఆ కాంతి బయలుదేరి కనీసం 700 కోట్ల సంవత్సరాలైనదన్నమాట. అప్పటికి భూమి, సూర్యుడు పుట్టనే లేదు. ముప్పది ఏండ్ల వివాదం ఒక వర్ణపటంతో ముగిసినది. పచిన్‌స్కీ మాట నెగ్గినది.

శక్తి ఎక్కడిది?

దూరం తెలియుటతో శక్తిని గూర్చిన ప్రశ్న తీవ్రమైనది. 1999 జనవరి 23న వచ్చిన విస్ఫోటం అన్ని దిక్కులకూ సమంగా వెలిగినదనుకొంటే, సూర్యుని ద్రవ్యమంతా శక్తిగా మారినా దానికి చాలదు. ఆ విస్ఫోటం మొదలైన 22 సెకన్లకే లాస్ అలమోస్‌లోని ఒక చిన్న స్వయంచాలక కెమెరా దాని దృశ్యకాంతిని ఫోటో తీసినది. అది అప్పుడు చిన్న బైనాక్యులర్సుకు కూడా అందునంత వెలుగుతో ఉన్నది! ఇంత శక్తికి సమాధానం ఏమనగా, విస్ఫోటం దీపంవలె అన్ని వైపులకూ వెలుగదు. టార్చిలైటువలె సన్నని ధారగా వెలువడుతుంది. ధార మనవైపు ఉన్నపుడే మనకు కనబడుతుంది. శేషకాంతి ఒక సమయాన హఠాత్తుగా వేగంగా తగ్గిపోవుటను చూచి ఈ సంగతి గ్రహించారు. ఇట్లు సవరించుకొన్నా, సూర్యుడు తన వెయ్యికోట్ల సంవత్సరాల ఆయుష్షులో ఇచ్చే శక్తితో పోల్చదగిన శక్తి కొన్ని సెకన్లలో వెలువడుతున్నది.

బాట్సీ లెక్కలలో మరియొక సంగతి ఉన్నది. రెండు సెకన్లకు తక్కువగా ఉండేవి ఒక గుంపు, ఎక్కువగా ఉండేవి ఒక గుంపు అని 1993లో క్రిస్సా కూవెలియోటు, ఆమె సహచరులు చూపినారు. దీర్ఘ విస్ఫోటాల జన్మకారణం ముందుగా తెలిసినది. 2003 మార్చి 29న హెటీ-2 ఉపగ్రహం పట్టిన విస్ఫోటం సుమారు 200 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే జరిగినది. కొన్నాళ్ళకు దాని శేషకాంతిలోనుండి ఒక సూపర్‌నోవా వర్ణపటం బయటపడినది. ఒక మహానక్షత్రం తన బరువుకు తానే కూలి, నడుమ కృష్ణబిలం ఏర్పడునపుడు ఈ ధారలు పుడుతున్నవని దీనివలన రూఢి అయినది.

హ్రస్వ విస్ఫోటాల శేషకాంతి అతిమసక; త్వరగా చూడనిదే దొరకదు. 2004 నవంబరు 20న ప్రయోగించిన స్విఫ్ట్ ఉపగ్రహాన్ని ఈ త్వర కొరకే నిర్మించారు. దానిలోని తడికలో సుమారు 52,000 సీసపు బిళ్ళలు ఉన్నవి. దిక్కు తెలియగానే, భూమినుండి ఆజ్ఞకు ఎదురు చూడకుండా, ఒకటి రెండు నిమిషాలలో అదే తన దూరదర్శినులను ఆ వైపునకు త్రిప్పుకొంటుంది. 2005లో మొదటిసారి హ్రస్వ విస్ఫోటపు శేషకాంతి చిక్కినది. 2009 ఏప్రిల్ 23న స్విఫ్ట్ పట్టిన ఒక విస్ఫోటపు కాంతి 1,300 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చినది.

హ్రస్వ విస్ఫోటాల రహస్యం 2017 ఆగస్టు 17న వీడినది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నపుడు వచ్చే గురుత్వ తరంగాలను అమెరికా, ఇటలీలలోని శోధకాలు గుర్తించినవి. నక్షత్రాలు కలిసిన 1.7 సెకన్లకు ఫెర్మీ ఉపగ్రహం ఒక చిన్న గామా విస్ఫోటాన్ని లెక్కించినది. చిలీలోని దూరదర్శినులు ఆ చోటును 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీలో కనుగొన్నవి.

తేలవలసిన విషయాలు

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి వెళ్ళిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికి కూడా ఈ చరిత్రలో పాలున్నది. దానిలోని కాడ్మియం జింక్ టెల్యురైడు పరికరాన్ని ఎక్స్-కిరణాల కొరకు చేసినారు. అయితే హెచ్చు శక్తిగల కిరణాలు దాని గోడలను దాటి లోనికి వస్తవి గనుక, అది విస్ఫోటాలను కూడా పట్టినది. వాటి సంఖ్య ఐదువందలు దాటినది. వాటిలో కొన్నిటి ధ్రువణాన్ని అది కొలిచినది. ధారలో అయస్కాంతక్షేత్రం ఎట్లున్నదో, గామా కిరణాలు ఏ విధంగా పుడుతున్నవో తెలియుటకు ధ్రువణం అవసరం. ఈ ప్రశ్న ఇంకా పూర్తిగా తేలలేదు.

రెండు సెకన్ల విభజన కూడా గట్టి గోడ కాదని ఇటీవల తెలిసినది. 2021 డిసెంబరు 11న వచ్చిన విస్ఫోటం నిమిషానికి దగ్గరగా సాగినది. పాతలెక్క ప్రకారం అది మహానక్షత్రపు మరణం కావలెను. కాని దాని శేషకాంతిలో కనబడినవి న్యూట్రాన్ నక్షత్రాల కలయిక లక్షణాలు. 2022 అక్టోబరు 9న వచ్చినదైతే అంతవరకు నమోదైన వాటన్నిటికంటె ప్రకాశవంతమైనది. పలు ఉపగ్రహాల శోధకాలు దానిని లెక్కించలేక తలమున్కలైనవి. సుమారు 200 కోట్ల సంవత్సరాల క్రిందట బయలుదేరిన ఆ కిరణాలు మన అయానావరణాన్ని కొంతసేపు కలతపెట్టినవి. పగలు సూర్యుడు చేసే ఆ పనిని, పేరులేని ఒక నక్షత్రం అంత దూరంనుండి చేసినది.